నాలుగో కుప్ప

ఈ యాత్ర అబద్ధంతో మొదలైంది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది రాయడం నాకు తేలిక.

మాది ధర్మవరం, పట్టుచీరల ఊరు. నేను నేయను, జాకెట్లు కుడతాను. పాతికవేల చీరకైనా జాకెట్టు కుదరకపోతే పరువు దక్కదు కాబట్టి మా వీధిలో నా మాట చెల్లుతుంది. నేను విశాఖపట్నం పోతున్నానని తెలియగానే ఎదురింటి రవణమ్మక్క గుమ్మంలోకి వచ్చి, "అంత దూరం యాడికి సరోజా?" అంది. నిజమేమిటంటే, హెచ్‌ఐవీతో బతుకుతున్న ఆడవాళ్ళం కొందరం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. మాలాంటివాళ్ళకు మందుల గురించి, చట్టం గురించి చెప్పి ధైర్యం నూరిపోసే మనుషుల్ని తయారుచేయడానికి విశాఖలో శిక్షణ పెట్టారు. సంఘం నన్ను పంపింది. అంత పొడుగు నిజం గుమ్మంలో నిలబడి చెప్పేది కాదని, "సింహాచలం మొక్కుందక్కా" అనేశాను.

సాయంత్రానికల్లా వీధి వీధంతా పేర్లు, గోత్రాలు రాసిచ్చింది, అర్చన చేయించమని. రవణమ్మక్క తన కోడలికి కాన్పు సుఖంగా కావాలని నూట పదహార్లూ ఒక కొబ్బరికాయా చేతిలో పెట్టింది. సముద్రం పక్కన కొబ్బరికాయ దొరకదేమోనని ఆవిడ బెంగ.

నాకు అబద్ధాలు కొత్తేం కాదు. పదకొండేళ్ళుగా రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటున్నాను, అది షుగర్ మాత్ర అని వీధికి చెప్పాను. దాంతో పదకొండు ఉగాదులుగా నాకెవరూ ఓళిగ, అంటే బొబ్బట్టు, పెట్టలేదు. అందరి విస్తళ్ళలో నెయ్యి కారే ఓళిగలు, నా విస్తట్లో మాత్రం ఇంకొంచెం చిత్రాన్నం. "నీ మంచికేలే" అంటుంది రవణమ్మక్క ఎంతో ప్రేమగా. నాకేమో ఓళిగలంటే ప్రాణం. జబ్బు ఎలా వచ్చిందని మాత్రం అడక్కండి. మీకు బీపీ ఎలా వచ్చిందని నేను అడగలేదు.

కాబట్టి ఇందులో కొండ గురించి, దర్శనం గురించి ఏమీ ఉండదు. నూకరత్నం అనే చేపలమ్మే ఆవిడ గురించి, ఆవిడకు దక్కకుండా పోయిన ఒక కుప్ప గురించి ఉంటుంది.

నంద్యాల నుంచి దువ్వాడ దాకా

నా సామాను రెండే. బట్టల సంచి, ఒక పొడవాటి అట్ట గొట్టం. గొట్టంలో మా సంఘం చార్టులున్నాయి. రక్తకణాల బొమ్మ, మందు పనిచేసే తీరు, కండోమ్ తొడిగే పద్ధతి, అన్నీ రంగుల్లో.

రైల్లో ఎదుటి సీట్లో పెద్దాయన ఒకరు కూర్చున్నారు. తణుకు దగ్గర పల్లెటూరి నుంచి వయసులో ఉండగా ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి, రిటైరై, గాజువాకలోనే ఇల్లు కట్టుకున్నారట. చుట్టాల పెళ్ళికి నంద్యాల వచ్చి తిరిగి వెళ్తున్నారు. "ఎందాకా అమ్మా?" అన్నారు. నోరు ఊరుకోక "సింహాచలమండి" అన్నాను. ఇంకేముంది! కప్పస్తంభాన్ని ఎటు తిరిగి కౌగిలించుకోవాలో, ఏ గుమ్మంలోంచి లోపలికెళ్తే తోపులాట ఉండదో, మెట్లెక్కితే పుణ్యమా బస్సెక్కితే పుణ్యమా, గుంటూరు దాకా చెప్పారు. అబద్ధానికి ఇంత శ్రద్ధగా పాఠం చెప్పించుకున్న మనిషిని నేనే అయ్యుంటాను. చివరికి ఆయన కళ్ళు గొట్టం మీద పడ్డాయి.

"స్వామివారి పటమా అమ్మా?"

"ఆఁ... విప్పకూడదండి. అక్కడికి వెళ్ళాకే" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, ఆ గొట్టానికి దణ్ణం పెట్టుకున్నారు. లోపలేముందో నాకూ ఆ సింహాద్రి అప్పన్నకే తెలుసు. నవ్వాపుకోలేక బాత్రూమ్ వైపు పరిగెత్తాను.

మర్నాడు దువ్వాడ దగ్గర పడుతుంటే కిటికీలోంచి పొగగొట్టాలు చూపించి "అదిగోనమ్మా, మా ప్లాంటు" అన్నారు. ఆ "మా" అనేటప్పుడు మనిషి ఒక అంగుళం పెరిగారు. దిగేముందు తాపేశ్వరం కాజాలు నాలుగు పొట్లం కట్టి ఇచ్చారు. నాలుగూ అక్కడే తినేశాను. రైల్లో నాకు షుగర్ లేదు.

గోపాలపట్నంలో కుర్చీ

స్టేషన్ బయట ఆటో ఆయన గోపాలపట్నానికి మూడు వందలన్నాడు. నేను మా ఊళ్ళో జాకెట్టుకు చెప్పే రేటు విన్నవాళ్ళ మొహం పెట్టాను. కుదరక షేర్ ఆటో ఎక్కి, ఒళ్ళో గొట్టం, కాళ్ళ దగ్గర కొబ్బరికాయతో ముప్ఫైకి చేరాను. విశాఖలో ఎండ మా ఎండ కన్నా తక్కువే, చెమట మాత్రం ఎక్కువ. మా ఊళ్ళో ఉతికిన చీర అరగంటలో ఎండుతుంది. ఇక్కడ మొదటిరోజు ఉతికింది తిరిగొచ్చేదాకా తడిగానే ఉంది.

హైవే పక్కన ఒక రంగుల కొట్టు మీద మేడ. అందులో ఇరవై మంది ఆడవాళ్ళం. నేర్పే ఆవిడ సత్యవతి మేడం. భర్త పోర్టు ఉద్యోగం వల్ల అమలాపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆవిడకీ హెచ్‌ఐవీ ఉంది, ఇరవై ఏళ్ళుగా. ఎవరితో మాట్లాడినా చివర "అండి" తగిలిస్తారు.

మొదటి గంటలో మేము మాత్రల డబ్బాలు ఎక్కడ దాచుకుంటామో చెప్పమన్నారు. అబ్బో, దొంగలు కూడా మా దగ్గర నేర్చుకోవాలి. డబ్బా కదిపితే గలగలమంటుంది కాబట్టి లోపల దూది కుక్కడం అందరికీ తెలిసిన విద్యే. నేను బాబిన్ల రేకు డబ్బాలో పెడతాను. ఒకావిడ బియ్యం డబ్బాలో మాత్రలు విడిగా దాస్తే అత్తగారు బియ్యంతోపాటు ఎసట్లో పోసిందట. "అన్నం కొంచెం చేదుగా ఉందేమే అంది" అని ఆవిడ చెప్తుంటే మేమంతా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. నవ్వయ్యాక మాత్రం, ఇన్నేళ్ళు ఇంత తెలివి దీనికా ఖర్చు పెట్టాం అని నాకు బాధేసింది.

రెండోరోజు గది మధ్యలో ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేశారు. "మీరు ఎవరికి చెప్పాలనుకుని చెప్పలేకపోయారో వాళ్ళు ఈ కుర్చీలో ఉన్నారనుకోండి. మీకు చెప్పాలనిపిస్తేనే చెప్పండి" అన్నారు మేడం. కొందరు ఏడ్చారు. ఒకావిడ కుర్చీని తన ఆడపడుచనుకుని నానా తిట్లూ తిట్టి, చివర్లో ఒక తన్ను కూడా తన్నింది. నా వంతు వచ్చింది. కుర్చీలో రవణమ్మక్కను కూర్చోబెట్టుకున్నాను. నోరు తెరిచి, "అక్కా, చేతులు మోచేతి దాకా పెట్టమంటావా, కురచగానా?" అన్నాను. గది గొల్లుమంది. నేనూ నవ్వాను, కానీ ఆ మాట కుర్చీకైనా చెప్పలేకపోయానని సిగ్గుపడ్డాను.

నా తర్వాత నూకరత్నం లేచింది. జాలరిపేట మనిషి, వయసు యాభైకి దగ్గర. నడుముకి కొంగు బిగించి కుర్చీని ఎగాదిగా చూసింది.

"దీనికేటి సెప్పాల మేడం? ఇదేటి నా జట్టులోకి వొత్తాదా?"

అప్పుడు తెలిసింది ఆవిడ సంగతి. హార్బర్లో చేపల వేలంలో ఒక్క మనిషి మొత్తం సరుకు కొనలేదు. అందుకని నలుగురు ఆడవాళ్ళు జట్టు కట్టి పాట పాడతారు. వచ్చిన చేపల్ని నాలుగు సమాన కుప్పలు చేసి తలా ఒకటి తీసుకుంటారు. నూకరత్నం, పోలమ్మ, దానమ్మ, ఎర్రమ్మ పదిహేనేళ్ళుగా ఒకే జట్టు. నెల కిందట పోలమ్మ మరదలు మందుల సెంటర్ దగ్గర లైన్లో నూకరత్నాన్ని చూసింది. అంతే, మాట హార్బరంతా పాకింది.

"ఆ మరదలు అక్కడ లైన్లో ఏం చేస్తోందంట?" అన్నాను నేను.

"అదడక్కూడదండి" అన్నారు మేడం వెంటనే. "మనకి చేసింది మనం ఇంకొకరికి చెయ్యకూడదండి." నేను నోరు మూసుకున్నాను.

"సేపల పనిలో సెయ్యి తెగుద్ది, ముల్లు గుచ్చుకుంతాది," అంది నూకరత్నం. "నా రగతం సేపలకి అంటుకుంతాదంట, ఆ సేపలు తిన్నోలికి జబ్బంట. కొట్టాడనేదు, తిట్టనేదు. ఈపాలి మేం ముగ్గురమే పాడతాం అనీసారు. రెండు నెలలు గవర్నమెంటు ఆపీసింది, ఏట నేదు. ఎల్లుండి బోట్లు వొత్తాయి. ఆ రోజు కట్టిన జట్టే ఏడాదంతా. జట్టు నేకపోతే నాను మారుబేరపోల్ల కాడ కొనాల. ఇంకేటి మిగులుద్ది, ఐసు నీల్లు తప్ప?"

చేప మీద, ఐసు మీద ఆ వైరస్ బతకదనీ, తిండి వల్ల రాదనీ, మందు మానకుండా వేసుకుంటే రక్తంలో వెతికినా దొరకనంతగా అణిగిపోతుందనీ మేడం చెప్పారు. "తెలుసు మేడం. నాకు తెలుసు. పోలమ్మకి ఎవులు సెప్తారు?" అంది నూకరత్నం.

జాలరిపేటలో ఎండుచేపల డబ్బా

మూడోరోజు శిక్షణ అయ్యాక, "హార్బరు సూడకుండా ఎల్లిపోతావేటి? మా ఇంటికాడ ఉండు. రేపు పొద్దుట బోట్లు వొత్తాయి" అని నూకరత్నం నన్ను లాక్కెళ్ళింది. నాలుగోరోజు ఉదయం సింహాచలం వెళ్ళి వీధివాళ్ళ అర్చనలు చేయించి, మధ్యాహ్నం రైలు ఎక్కాలని నేను వేసుకున్న లెక్క అక్కడే తప్పింది.

సముద్రం నేనెప్పుడూ చూడలేదు. ఇళ్ళ మధ్యనుంచి వెళ్తూ వెళ్తూ, ఆరేసిన లంగాల వెనక ఒకటే చప్పుడు వినిపిస్తే ఏదో మిల్లు అనుకున్నాను. లంగా పక్కకు తొలిగితే అదీ, నీళ్ళు. మా ఊళ్ళో బిందె నీళ్ళ కోసం తగాదాలు పడే మనిషిని, కోపమొచ్చింది. ఇంత నీళ్ళు పెట్టుకుని ఒక్క చుక్క తాగడానికి పనికిరావట!

భోజనానికి ఎండు నెత్తళ్ళనే చిన్న చేపలు వేసిన వంకాయ కూర, తాగడానికి చోడి అంబలి. చోళ్ళంటే మా రాగులే. మేం గట్టిగా సంగటి కెలికి ముద్ద మింగుతాం, వీళ్ళు పల్చగా కాచి తాగుతారు. "ముద్ద మింగుతారా? నమలకుండానా? కొండసిలవలేటి మీరు?" అని నూకరత్నం నిజంగానే ఆశ్చర్యపోయింది. మా ఇంట్లో చేప వండరు. ఏదైతే అదయిందని తిన్నాను, వాసన కన్నా రుచి మంచిది. పక్కింటివాళ్ళు వచ్చి కూర్చున్నారు, అంబలి మాత్రం ముట్టలేదు. "కడుపు నిండుగా ఉంది" అన్నారు నలుగురూ ఒకే మాట. నాకు మా రవణమ్మక్క చిత్రాన్నం గుర్తొచ్చింది.

ఎనిమిదిన్నరకు ఇద్దరం మాత్రలు తీశాం. నూకరత్నం డబ్బా ఎక్కడుందనుకున్నారు? ఎండుచేపల డబ్బా అడుగున, ప్లాస్టిక్ కవర్లో. "ఈ కంపుకి ఎవులూ మూత తియ్యరు" అంది గర్వంగా. ఆ డబ్బాలోంచే ఒక కాగితం కూడా తీసింది, ఆధార్ కార్డులా లామినేషన్ చేయించి. ఆవిడ వైరల్ లోడ్ రిపోర్టు, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే కాగితం. చేపనీళ్ళు తగిలి పాడవకూడదని చేయించిందట.

"పోలమ్మకి చూపించినావా?" అన్నాను.

"నెల్లాళ్ళుగా పగలంతా నడుంకాడ దోపుకుని తిరుగుతన్నాను. తియ్యనేదు. తీస్తే ఒప్పుకున్నట్టే కదే!"

హార్బర్లో గురుతులు

చీకటి ఉండగానే బయల్దేరాం. దర్శనం కోసం దాచుకున్న కొత్త చీర కట్టుకున్నాను, ఎందుకంటే ఉతికిందేదీ ఎండలేదు. హార్బర్లో అడుగుపెట్టిన రెండో నిమిషంలో జారి చేపనీళ్ళలో కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు, ఎవరికీ తీరిక లేదు. ఐసు పగలగొట్టేవాళ్ళు, ట్రేలు మోసేవాళ్ళు, పాట పాడేవాళ్ళు. రెండు నెలల తర్వాత వచ్చిన మొదటి సరుకు మరి.

"ఏటి నూకాలూ, బాగున్నావా?" ఒక గొంతు మైకు పెట్టినట్టు వినిపించింది. పోలమ్మ. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, పెద్ద మనిషి. దానమ్మ, ఎర్రమ్మ కూడా పలకరించారు, ఆరోగ్యం అడిగారు. అంతా ప్రేమే, కుప్ప ఒక్కటే లేదు. ముగ్గురూ పాటలో కానాగంతలనే చేపలు కొన్నారు. మధ్యమధ్యలో జెల్లలు కూడా ఉన్నాయి, ముళ్ళుండే చవకరకం. మూడు కుప్పలు చేశారు. నూకరత్నం ఖాళీ బేసిన్‌తో ఆరడుగుల దూరంలో నిలబడింది. ఆవిడ మొహం చూడలేక నేను చేపల్ని చూశాను.

కుప్పలు పంచుకోవడానికి వీళ్ళకో పద్ధతి ఉంది. ఒక్కొక్కరు ఒక్కో వస్తువు గురుతుగా ఇస్తారు. ఏ గురుతు ఎవరిదో తెలియని మనిషి వాటిని కుప్పల మీద వేస్తుంది. ఎవరి గురుతు దేనిమీద పడితే ఆ కుప్ప వాళ్ళది, మళ్ళీ మాట ఉండదు.

"ఈ పిల్ల ఎవులు?" అంది పోలమ్మ నన్ను చూసి.

"మా సుట్టం. ధర్మవరం" అంది నూకరత్నం.

"అదెక్కడుంది?"

"సముద్రం నేని కాడ."

"అయితే మంచిదే. ఒలే పిల్లా, ఇలా రా. గురుతులు నువ్వెయ్యి."

ఒక పిన్నీసు, ఒక వక్క, అరిగిన గాజు ఒకటి ముందే కలిపేసి నా అరచేతిలో పోశారు. గాజు వేశాను, పిన్నీసు వేశాను. వక్క దొర్లిపోతోందని చేపల మధ్య నొక్కి పెట్టబోతే జెల్ల ముల్లు వేలిలో దిగింది. అమ్మా అని అరిచాను. రక్తం బొటబొటా కారింది.

పోలమ్మ ఒక్క అంగలో వచ్చి నా వేలు పట్టుకుని తన కొంగులో పెట్టి గట్టిగా నొక్కింది. నేను చెయ్యి వెనక్కి గుంజుకున్నాను. ఆమె చేతికి గాయం లేదు, నేను మందు మానలేదు, ఏమీ కాదని నాకు తెలుసు. అయినా పదకొండేళ్ళ అలవాటు గుంజేసింది.

"వదులు పెద్దమ్మా!"

"ఏటే, ముల్లు గుచ్చుకుంటే సిగ్గేటి?" అని ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. చేపలు పట్టి పట్టి ఆ చెయ్యి ఇనుమైపోయింది. విడిపించుకోలేక, కుర్చీకి చెప్పలేని మాట ఆ హార్బర్లో నా నోట్లోంచి ఊడిపడింది.

"నాకు హెచ్‌ఐవీ ఉంది పెద్దమ్మా. పదకొండేండ్లుగా మందు వేసుకుంటాండా. నీకేం కాదు, నీ చేతికి దెబ్బ లేదు గదా, చార్టులో కూడా ఉంది..." చార్టు జాలరిపేటలో ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను.

పోలమ్మ కదల్లేదు. నా వేలు ఆమె కొంగులోనే ఉంది. దానమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "ఓలమ్మ, మూడు కుప్పలూ ముట్టీసింది!" అంది.

"అయితే పారబోద్దామేటి?" అంది ఎర్రమ్మ చిన్నగా.

ముగ్గురూ చేపల వంక చూశారు. తళతళలాడుతున్నాయి. రెండు నెలల పస్తు తర్వాత వచ్చిన మొదటి చేపలు. పారబోయడానికి ఒక్క చెయ్యీ లేవలేదు.

"నూకాలూ," అంది పోలమ్మ తల తిప్పకుండా, "దీనికున్నదీ నీకున్నదీ ఒకటేనా?"

అప్పుడు నూకరత్నం బేసిన్ కింద పెట్టి, ఆరడుగులు నడిచొచ్చి, నడుముకి దోపుకున్న కాగితం తీసింది. పోలమ్మకి చదువు రాదు. పక్కనే ఇంకో సరుకు వేలం వేస్తున్న అప్పలరాజుని కేకేసింది. అతను లైటు కింద పట్టుకుని చూసి, గొంతు తగ్గించి, "ఇది గట్టిగా సదవొచ్చా అప్పా?" అన్నాడు నూకరత్నాన్ని.

"సదువు. నెల్లాళ్ళుగా గుసగుసగా సదివినోల్లు సానామందున్నారు. నువ్వొక్కడివైనా గట్టిగా సదువు."

పాపం అప్పలరాజుకి ఉన్నది ఒక్కటే గొంతు. "టార్గెట్... నాట్... డిటెక్టెడ్!" అన్నాడు. అలవాటు కొద్దీ, "టార్గెట్ నాట్ డిటెక్టెడ్ ఒకటోసారీ! రెండోసారీ!" దాకా వెళ్ళి నాలుక కరుచుకున్నాడు. వెనకనుంచి ఎవరో "ఎంతకి పోయింది?" అన్నారు.

"అంటే ఏటి?" అంది పోలమ్మ.

"రక్తంలో వెతికితే దొరకలేదని" అన్నాను.

"ఎవులు ఎతికారు?"

"మిషను."

"మిషనుకి దొరకనిది నా తట్టలోకి ఎలా వొత్తాదే?"

ఇదే మాట చెప్పడానికి నేను ఏడు చార్టులు ధర్మవరం నుంచి మోసుకొచ్చాను. దొరకనిదానిక్కూడా మందు రోజూ వేసుకోవాలనీ, మానేస్తే మళ్ళీ లేస్తుందనీ చెప్పాను. పోలమ్మ నూకరత్నం వైపు తిరిగి, "మానీసావో, సంపీగల్ను" అంది. తర్వాత వంగి, మూడు కుప్పల్నీ రెండు చేతులతో కలిపేసి, మళ్ళీ నాలుగు కుప్పలు చేసింది. అలవాటైన చేతులు, క్షణంలో చేసేసింది. నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంటూ నడుంకాడి సంచిలోంచి పాత మందు డబ్బా తెల్ల మూత తీసి గురుతుగా ఇచ్చింది.

నేను ఉత్సాహంగా చెయ్యి చాపాను.

"నువ్వు పనికిరావు, అవతలకి పో" అంది పోలమ్మ.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఎందుకు పెద్దమ్మా?"

"మూత ఎవులదో సూసేసినావు కదే! ఇంకేటి నాయం?"

పదకొండేళ్ళలో నన్ను ఎవరైనా ఇంత సరైన కారణానికి దూరం పెట్టడం అదే మొదటిసారి. గురుతులు, మూత ఎవరిదో చూడని అప్పలరాజు వేశాడు. నాలుగో కుప్ప మీద తెల్ల మూత పడింది. దాన్నిండా జెల్లలే. "అన్నీ జెల్లలే నాకొచ్చినాయి!" అని నూకరత్నం వెంటనే గొడవకి దిగింది. "గురుతు పడ్డాక మాట నేదు" అని పోలమ్మ కసిరింది. ఆ కసురు విని నూకరత్నం నవ్విన నవ్వు నేను మర్చిపోను. దానమ్మ మాత్రం పక్కకెళ్ళి మూడుసార్లు చేతులు కడుక్కుంది. కడుక్కోనీ, సముద్రానికి నీళ్ళకేం తక్కువ!

స్టేషన్‌కు ఆటోలో

పదింటికల్లా నూకరత్నం బేసిన్ ఖాళీ చేసేసింది. జెల్లలే ముందు అమ్ముడుపోయాయని నాకు చెప్పింది, పోలమ్మకి చెప్పొద్దంది. స్టేషన్ దాకా ఆటోలో వచ్చింది. నా దగ్గరున్న గోత్రాల చీటీ, నూట పదహార్లు, కొబ్బరికాయ తీసుకుని, "శనోరం నాను కొండెక్కి సేయిత్తాన్లే" అంది. ధర్మవరం నుంచి వచ్చిన ఆ కొబ్బరికాయను అటూ ఇటూ తిప్పి చూసి, "మా కాడ నేవనుకున్నారేటి?" అని నవ్వింది. బదులుగా ఎండు నెత్తళ్ళ పొట్లం ఒకటి నా సంచిలో కుక్కింది.

నేను కొంచెం గర్వంగానే ఉన్నాను. ఏదో ఘనకార్యం చేశానని మొహంలో కనిపించి ఉంటుంది.

"బాగానే సెప్పినావు పిల్లా," అంది నూకరత్నం. "కానీ నువ్వు సెప్పీసి రైలెక్కీసి ఎల్లిపోతన్నావు. నానిక్కడే ఉండాల. నీ ఈదిలో సెప్పినావేటి?"

ఆటోవాడు వెనక్కి తిరిగి, చేపల బేసిన్‌కి ఇంకో ఇరవై ఇమ్మన్నాడు. నూకరత్నం వాడితో తగువుకి దిగింది. నేను బతికిపోయాననుకున్నాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటు రైలెక్కింది. సీటు కింద నెత్తళ్ళ వాసనా, సీటు మీద ఈ ప్రశ్నా, గుంతకల్లు దాకా నిద్రపోనివ్వలేదు.

మా వీధి

నేను సంచి దించకముందే రవణమ్మక్క వచ్చేసింది. "దర్శనం బాగా అయిందా? ప్రసాదం ఏదీ?" అని చెయ్యి చాపింది. అంతలో ముక్కు ఎగబీల్చి, "ఏం వాసన ఇది?" అంది.

"నేను సింహాచలం పోలేదక్కా" అన్నాను.

తర్వాత అన్నీ చెప్పాను. సంఘం, శిక్షణ, రాత్రి మాత్ర, అది దేనికో. శనివారం నూకరత్నం అర్చన చేయిస్తుందని కూడా చెప్పాను. రవణమ్మక్క గుమ్మం పట్టుకుని నిలబడి విన్నది.

"అంటే, నీకు షుగర్ లేదా?"

"లేదక్కా."

"పదకొండు ఉగాదులు!" అంది. గిర్రున తిరిగి ఇంట్లోకి పోయింది. తలుపు దభాలున పడింది.

నాకు భయమేసింది. హార్బర్లో ఇంత భయం వేయలేదు. అక్కడ నాకు పోయేదేం లేదు, మధ్యాహ్నం రైలుంది. ఇక్కడ ఈ ఎదురింటి గుమ్మమే నాకు ఊరు. జ్వరమొస్తే గంజి ఆ గుమ్మంలోంచే వచ్చింది. మా ఆయన పోయిన రోజు నన్ను పట్టుకున్న చేతులు ఆవిడవే. చేతిలో నెత్తళ్ళ పొట్లంతో, మూసిన తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. నూకరత్నం ఆ ఆరడుగుల దూరంలో నెల్లాళ్ళు ఎలా నిలబడిందో అప్పుడు తెలిసింది.

తలుపు తీసుకుని రవణమ్మక్క బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపమో, ఏడుపో తెలియలేదు. పిడికిలిలో ఏదో ఉంది.

"ఓళిగలు ఇప్పుడు చేసేదానికి పప్పు నానెయ్యలేదు," అంది. "నోరు తెరువు."

తెరిచాను. నిమ్మకాయంత బెల్లం ముక్క తన వేళ్ళతోనే నా నోట్లో పెట్టి, పెదవుల మీద అంటుకున్నది కూడా తన బొటనవేలితో లోపలికి నెట్టింది. చిన్నపిల్లకు పెట్టినట్టు పెట్టింది. నేను ఏడ్చాను, ఆవిడ కూడా ఏడ్చింది.

ఆ బెల్లంలో ఒక చీమ ఉంది, నాలుక మీద కుట్టింది. నేనేమీ అనకుండా మింగేశాను. అన్నీ ఒకే రోజు చెప్పకూడదు.